వాక్కాయ కంచె: మూడు వేసవుల పని

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి సంవత్సరం ఇదే సభలో మన ఖబరస్తాన్ కంచె సంగతి చర్చకు వచ్చింది. జ్ఞాపకం ఉండే ఉంటుంది. మొదట వెదురు తడిక కట్టించాము, రెండు వర్షాకాలాలకు పుచ్చిపోయింది. తరువాత చందా వేసుకుని రాతి స్తంభాలు పాతి ముళ్ళతీగ లాగించాము. తీగ పోయింది, స్తంభాలు మిగిలాయి. మూడోసారి గోడ అన్నాము. మేస్త్రీగారిచ్చిన అంచనా చదివేసరికి సభలో ఎవ్వరూ మాట్లాడలేదు. అప్పుడు మేము వెనుక నుంచి లేచి, ‘‘వాక్కాయ వేస్తే పోదా?’’ అన్నాము. కొంతమంది నవ్వారు. నవ్వడం తప్పు కాదు. కంచె గురించి మాట్లాడుతుంటే పప్పులో వేసుకునే కాయ పేరెత్తితే ఎవరైనా నవ్వుతారు. కాని అధ్యక్షులవారు నవ్వకుండా, ‘‘అయితే వచ్చే ఏడు వివరంగా చెప్పండి’’ అన్నారు. ఆ మాట ప్రకారం ఇవాళ నిలబడ్డాము.

ముందుగా ఒక మనవి. మేము వ్యవసాయ శాస్త్రం చదువుకున్నవాళ్ళము కాము. బందరు రోడ్డు మీద కంకిపాడు దాటాక కాలువ కింద మా ఇంటివాళ్ళకు నలభై సెంట్ల దొడ్డి ఉంది. దాని చుట్టూ తొమ్మిదేళ్ళుగా వాక్కాయ కంచె పెంచుతున్నాము. అందులో తగిలిన దెబ్బలు, నేర్చుకున్న పాఠాలు, కొంత చదివి తెలుసుకున్నవి మీ ముందు పెడతాము. మంచి చెడ్డలు మీరే తేల్చుకోవాలి.

వాక్కాయ అంటే మన ఆడవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆషాఢం, శ్రావణం వచ్చేసరికి కాళేశ్వరరావు మార్కెట్లోను, రైతుబజార్లలోను గోనెపట్టాల మీద కుప్పలు పోసి అమ్ముతారు. లేత ఆకుపచ్చ మీద గులాబీ రంగు చీర. కొరికితే పళ్ళు జివ్వుమంటాయి. ఉర్దూ మాట్లాడే ఇళ్ళల్లో కరోందా అంటాము, తెలంగాణా చుట్టాలు కలేకాయ అంటారు. వాక చెట్టు కాయ గనుక వాక్కాయ. మా దాదీమా చింతపండు ధర పెరిగినప్పుడల్లా, ‘‘చింతకు గర్వమొచ్చిందిరా, కరోందే తెండి’’ అనేది. వాక్కాయ వేసి వండిన మాంసం కూర ఆవిడ చేతిలో తిన్నవాళ్ళు ఈ సభలో ఇద్దరు ముగ్గురైనా ఉన్నారు.

పిల్లలకు ఒక రహస్యం చెబుతాము. బేకరీలో కేకు మీదా, బన్ను మీదా ఎర్రగా మెరుస్తూ ఉండే చెర్రీ ఉంది చూశారూ, అది చాలా వరకు చెర్రీ కాదు. వాక్కాయను గింజ తీసి, పంచదార పాకంలో నానబెట్టి, ఎర్ర రంగు వేస్తే ఆ వేషం వస్తుంది. మిఠాయి కిళ్ళీలో గుచ్చేదీ అదే. ఇంట్లో పప్పులో కనిపిస్తే పక్కకు తోసేస్తారు, కేకు మీద కనిపిస్తే కొట్టుకుంటారు!

కాయను ఎరిగినవాళ్ళం గాని, చెట్టును ఎరిగినవాళ్ళం తక్కువ. ఇది చెట్టు అనడం కంటె పొద అనడం సబబు. ఏడాది పొడుగునా ఆకు ఉంటుంది. ఆకు మందంగా, నున్నగా ఉంటుంది. ఎక్కడ తుంచినా తెల్లని పాలు కారుతాయి. కొమ్మ కొమ్మకూ జంటగా ముళ్ళు, అంగుళం నుంచి రెండు అంగుళాల దాకా. ఆ ముల్లు దిగితే మేకైనా రెండోసారి రాదు. మాఘ ఫాల్గుణాల్లో మల్లెలాంటి తెల్లని పూలు గుత్తులుగా పూస్తాయి, సన్నని వాసన ఉంటుంది. వానలు పడేసరికి కాయ చేతికి వస్తుంది. కొయ్యకుండా వదిలేస్తే ముదురు ఊదా రంగుకు, తరువాత నలుపుకు తిరిగి పండుతుంది. అప్పుడు పులుపు తగ్గి, తీపి వస్తుంది.

ఈ వాక్కాయకు పెద్ద బంధువర్గమే ఉంది. మన మెట్ట అడవుల్లో, ముఖ్యంగా తూర్పు కనుమల్లో, ఇంకా చిన్నకాయ కాసే అడవి పొద ఒకటుంది. దాన్ని కలివి అంటారు. రాయలసీమలో పశువుల కాపర్లు ఆ నల్లని చిన్న పండ్లు ఏరుకుని తింటారు. సరిగ్గా అటువంటి పొదే ఆఫ్రికా ఖండమంతటా పొడినేలల్లో పెరుగుతుంది. ఇథియోపియాలో, అంటే మన పెద్దలు హబషా అని పిలిచే దేశంలో, దాన్ని ఆగమ్ అంటారు. అక్కడా ఇంతే, పిల్లలు పండ్లు ఏరుకుని తింటారు, పెద్దలు కొమ్మలు నరికి దొడ్డికి కంచె వేస్తారు. ఎర్ర సముద్రం దాటి ఎమన్ కొండల్లోనూ ఉంది. ఫోర్స్కాల్ అనే స్వీడను దేశపు పండితుడు అరబ్బు దేశాల మొక్కలను పరిశీలిస్తూ 1763లో ఎమన్‌లోనే మరణించాడు. ఆయన రాసి ఉంచిన పుస్తకం 1775లో అచ్చయినప్పుడు ఈ పొద కూడా అందులోకి ఎక్కింది. ఇప్పటి వృక్షశాస్త్రజ్ఞులు ఆఫ్రికా పొదనూ, ఎమన్ పొదనూ, మన కలివినీ ఒకే జాతిగా లెక్కించి, కారిస్సా స్పైనారం అని ఒకే పేరు పెట్టారు. మన వాక్కాయ కారిస్సా కరండాస్, దానికి అక్కచెల్లెలు. దక్షిణాఫ్రికా సముద్రతీరంలో ఎర్రని పెద్ద పండు కాసే మూడో అక్క ఉంది. నేటాల్ ప్లమ్ అని ఇంగ్లీషులోను, అమతుంగులు అని జూలూ భాషలోను పిలుస్తారు. ఉప్పుగాలికి కూడా జంకదు. మన దేశంలోనూ తోటల్లో అందానికి పెంచుతారు.

కలివి పేరు చెప్పినప్పుడు కలివికోడి మాట చెప్పకపోతే తప్పవుతుంది. 1900 తరువాత ఎవరి కంటా పడక, ఇక లేదనుకున్న పక్షి అది. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల కొండల దగ్గర మళ్ళీ దొరికింది. ముళ్ళపొదల మధ్య దాక్కుని బతికిన పిట్టకు ఆ పొద పేరే పెట్టారు మన తెలుగువాళ్ళు. ముల్లు ఉన్నచోట ప్రాణికి రక్షణ ఉంటుందని అడవిలో తిరిగేవాళ్ళకు శాస్త్రం చెప్పకముందే తెలుసు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. ‘‘ఆఫ్రికా ఎడారి అంచుల్లో, రాయలసీమ రాళ్ళల్లో పెరిగేది మన కృష్ణా డెల్టాలో ఎందుకు? ఇక్కడ నీళ్ళకేం కొదవ?’’ అని మీరు అడగవచ్చు. మమ్మల్ని మా పక్క పొలం పెద్దాయన అలాగే అడిగాడు. ‘‘సాయిబుగారూ, కాలువ కింద ఉండి మెట్ట మొక్క పెడతారేంటండీ?’’ అన్నాడు.

కాలువ మన భాగ్యమే. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది, 1957లో ప్రకాశం బరాజి వచ్చింది. సుమారు 13 లక్షల ఎకరాలు ఆ నీటి మీదే బతుకుతున్నాయి. కాని ఆ నీరు మన చేతిలో లేదు, పైనుంచి రావాలి. 2002లో వానలు మోసం చేశాయి. ఆ తరువాతి ఏడాదీ డెల్టా రైతు కాలువ గట్టు మీద నిలబడి పైకి చూడవలసి వచ్చింది. 2015లో మళ్ళీ అదే కథ. ఆ సంవత్సరమే పట్టిసీమ నుంచి గోదావరి నీరు ఎత్తి కృష్ణలోకి పంపడం మొదలుపెట్టారు. అంతెందుకు, మంచి సంవత్సరంలో కూడా వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడ ఎండ గురించి మీకు చెప్పడం అనవసరం. ఇంటి దగ్గర మొక్కయితే గిన్నెలు కడిగిన నీళ్ళయినా పోస్తాము. ఖబరస్తాన్‌లో మొక్కకు ఆ నెలల్లో నీళ్ళు పోసేది ఎవరు? ఇంతకు ముందు మనం నాటిన వేపమొక్కలు, గానుగమొక్కలు ఎన్ని బతికాయో లెక్క పెట్టుకోండి. నాటేనాడు ఫోటోకు నిలబడినవాళ్ళు ముప్ఫై మంది. వేసవిలో బిందె పట్టుకెళ్ళింది కాపలా ఉండే ముసలాయన ఒక్కడే.

కాబట్టి మనకు కావలసింది మొదట కొన్నాళ్ళు సాకితే తరువాత మనల్ని అడగని మొక్క. వాక్కాయ అటువంటిది. వేరు పట్టుకుందంటే, ఆకు మందం వల్ల, లోతుకు పోయే వేరు వల్ల, ఎండాకాలం తట్టుకుంటుంది. బీదనేల అయినా, కొంతమేర ఉప్పునేల అయినా సర్దుకుంటుంది. తెగుళ్ళు తక్కువ. పశువు ముట్టదు.

అయితే ఒక్క శత్రువు ఉంది, అదే మన డెల్టాలో అన్నిచోట్లా ఉంది. నిలవనీరు. ఎండకు చావని వాక్కాయ నీళ్ళల్లో చస్తుంది. ఈ సంగతి తెలియక మేము పడిన నష్టం చెబుతాము.

మొదటి ఏడాది మేము చేసిన తప్పులు మూడు. ఒకటి, ఒక నర్సరీలో వాక్కాయ అని చెప్పి ఇచ్చిన అరవై మొక్కలు తెచ్చాము. ఆరు నెలలకు చూస్తే అందులో సగం ఇంకేవో అడ్డమైన మొక్కలు. తుంచి చూస్తే పాలు రాలేదు, జంట ముళ్ళు లేవు. ఆ పరీక్ష కొనేటప్పుడే చేసి ఉండవలసింది. రెండు, మిగిలినవాటిని నల్లరేగడి నేలలో గుంట తీసి, గుంటలోనే పల్లంగా నాటాము. ఆగస్టు వానకు గుంట గుంటా కుండలా నిండింది. పది రోజులకు ఆకులు పసుపు, ఇరవై రోజులకు కాడ నలుపు. మూడు, ఇక సొంతంగా విత్తనం వేద్దామని మా ఇంట్లోవాళ్ళు పండ్ల నుంచి గింజలు తీసి, ఎండబెట్టి, సీసాలో దాచారు. సంక్రాంతి తరువాత చల్లితే నూటికి పది కూడా మొలవలేదు. వాక్కాయ గింజకు ఓపిక తక్కువ. పండు నుంచి తీసిన కొద్ది రోజుల్లోనే నేలకు ఇవ్వాలి.

రెండో ఏడాది నుంచి దారికి వచ్చాము. ఆ పద్ధతి వరుసగా చెబుతాము, కావలసినవారు రాసుకోండి.

శ్రావణ భాద్రపదాల్లో బాగా నల్లగా పండిన కాయలు ఏరుకోవాలి. పెద్ద కాయ, నిండు కాపు ఉన్న పొద చూసి ఏరుకుంటే మేలు. పిసికి, గింజలు కడిగి, నీడన ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, ఇసుక, మట్టి, మాగిన పశువుల ఎరువు సమంగా కలిపిన సంచుల్లో అర అంగుళం లోతున పెట్టాలి. సంచికి అడుగున చిల్లులు మరువకూడదు. మూడు వారాల్లో మొలక కనిపిస్తుంది. మొదటి ఏడాది పెరుగుదల నత్తనడక. జానెడు, జానెడున్నర వస్తే గొప్ప. అది చూసి నిరుత్సాహపడకూడదు, లోపల వేరు పని చేస్తూ ఉంటుంది. గింజ నుంచి వచ్చిన మొక్కలన్నీ ఒకేలా కాయవు. మంచి కాయ ఖాయంగా కావాలంటే వానాకాలంలో కొమ్మకు గాలి అంటు కట్టవచ్చు. పంతనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ అనే రకాలు, కొంకణ ప్రాంతంలో దాపోలి వారు కొంకణ్ బోల్డ్ అనే పెద్దకాయ రకం ఇచ్చారు. కాని కంచెకు మన ఊరి గింజ చాలు.

ఏడాది వయస్సు మొక్కను మరుసటి వానాకాలం మొదట్లో నాటాలి. ఇక్కడే డెల్టా కిటుకు ఉంది. ముందు గట్టు వెయ్యాలి. సరిహద్దు లోపలి వైపు ఒక కాలువ తవ్వి, ఆ మట్టి పక్కన పోస్తే అడుగున్నర ఎత్తు గట్టు వస్తుంది. మొక్క గట్టు నెత్తిన ఉండాలి, నీరు కాలువలోకి పోవాలి. మొక్కకూ మొక్కకూ మూడు అడుగులు. కట్టుదిట్టంగా కావాలంటే రెండు వరుసలు, రెండో వరుస మొక్క మొదటి వరుస సందుకు ఎదురుగా. నాటిన వెంటనే మొదలు చుట్టూ ఎండుగడ్డి కప్పాలి.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలు ఎవరూ మరచిపోలేరు. బుడమేరు పొంగి బెజవాడ పేటలు మునిగాయి, బరాజి వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చింది. ఆ వానకు మా దొడ్డి కూడా చెరువయింది. గట్టు మీద మొక్కలు నిలిచాయి. గట్టు కుంగిన చోట, ఓ పది గజాల మేర, ఎదిగిన పొదలు సైతం పోయాయి. ఇంతకంటె పాఠం ఏం కావాలి?

ఇక నీళ్ళు. మొదటి వేసవి వారానికి రెండుసార్లు, రెండో వేసవి వారానికొకసారి, మూడో వేసవి పదిహేను రోజులకొకసారి, ఒక్కో మొక్కకు ఒక చెంబు లెక్కన మేము పోశాము. నాలుగో వేసవి పొయ్యలేదు. ఇంతవరకు మళ్ళీ పొయ్యలేదు. ఈ మూడు వేసవులే మొత్తం వ్యవహారం. మిగిలినదంతా కత్తెర పని. మోకాలెత్తు వచ్చినప్పుడు ఒకసారి తల తుంచాలి, పక్కకు గుబురు పడుతుంది. పూలు కొమ్మల చివర వస్తాయి గనుక, కాయ కోసుకున్నాకనే కత్తిరించాలి. పూతకు ముందు అందం కోసం కత్తిరిస్తే ఆ ఏటి కాయ కిందపడ్డట్టే. మూడో ఏట నాలుగు కాయలు కనబడతాయి. ఐదో ఏటికి మనిషి దూరలేని కంచె అవుతుంది.

ఇప్పుడు మన నేల లెక్క. మన ఖబరస్తాన్ చుట్టూ మేము అడుగులేసి కొలిచాము. దారి వదిలేస్తే సుమారు మూడు వందల గజాలు వచ్చింది. గజానికొక మొక్క, ఒక వరుసకు మూడు వందలు, రెండు వరుసలకు ఆరు వందలు. ఆరు వందల సంచులు మేము మా దొడ్డిలో పెంచి ఇస్తాము. దానికి సంఘం పైసా ఇవ్వనక్కర్లేదు. గట్టుకు కూలి, మూడు వేసవుల నీళ్ళు మాత్రం మనందరిదీ.

అభ్యంతరాలు కూడా విన్నాము, దాచము. పాములు చేరతాయని ఒకరన్నారు. పొద అడుగున చెత్త పేరుకుపోతే చేరతాయి, నిజమే. కింద జానెడు మేర కొమ్మలు తీసి, ఏడాదికి రెండుసార్లు ఊడ్పించాలి. సమాధుల దగ్గర ముళ్ళేమిటని మరొకరన్నారు. కంచె సరిహద్దు గట్టు మీదే గాని సమాధుల మధ్య కాదు. నడిచే దారికి నాలుగడుగులు వదులుదాము.

ఇంకొక ముఖ్య విషయం. మొక్క దస్తావేజు కాదు. కంచె వేసినంత మాత్రాన హక్కు రాదు, తియ్యనంత మాత్రాన పోదు. ముందు వక్ఫ్ రికార్డు, సర్వే పటం తీయించి, సర్వేయరు చేత కొలిపించి, రాళ్ళు పాతించుకోవాలి. ఇరుగుపొరుగువారిని పిలిచి వారి ఎదుటే కొలిపిస్తే గొడవ ఉండదు. ఆ రాళ్ళ వెంట లోపల వైపున గట్టు వెయ్యాలి. పండ్ల కొమ్మ అవతలికి వంగితే ఆ కాయ అవతలివారే కోసుకోనివ్వండి. కంచె అవతల ఉన్నవాడు ఆ కాయతో పప్పు వండుకుంటే వాడే మన కంచెకు కాపలా.

కాయ సంగతి అడుగుతారు గనుక చెబుతాము. దీని వల్ల ఎవరూ లక్షాధికారులు కారు. వాక్కాయ సీజనులో అందరికీ ఒకేసారి వస్తుంది, అప్పుడు ధర పడిపోతుంది. పచ్చికాయ అమ్మితే కోసిన కూలి గిట్టడం కూడా ఒక్కోసారి కష్టం. పచ్చడి పడితే మాత్రం నిలబడుతుంది. మా ఇంట్లోవాళ్ళు చేసే తీరు ఇది: కోసేటప్పుడు పాలు అంటుకుంటాయి గనుక చేతులకు నూనె రాసుకుంటారు. కాయలను ఉప్పునీళ్ళల్లో కడిగి, గుడ్డతో తుడిచి, తడి లేకుండా ఆరబెడతారు. నిలువునా చీల్చి గింజ తీస్తారు. ఉప్పు, పసుపు కలిపి మూడు రోజులు జాడీలో ఊరనిచ్చి, కారం, మెంతిపిండి, వెల్లుల్లి వేసి, నువ్వులనూనె తేలేటట్టు పోస్తారు. జామ్, జెల్లీ కూడా చక్కగా గడ్డకడుతుంది, ఎందుకంటే ఈ కాయలో పెక్టిన్ అనే జిగురు పదార్థం సహజంగానే ఎక్కువ. మన సంఘం నుంచి నెలనెలా సాయం అందుకునే తల్లులు ఉన్నారు. వారిలో కొందరు మాతో, ‘‘చెయ్యి చాపడం కంటె పని ఉంటే బాగుండును’’ అన్నారు. ఖబరస్తాన్ కంచె కాయ కోసే హక్కు వారికిద్దాము, జాడీలు, నూనె సంఘం పెడుతుంది. మొదటి రెండేళ్ళు పచ్చడి మనమే కొందాము. అంతకు మించి ఇప్పుడు లెక్కలు వెయ్యడం తొందరపాటు.

పిల్లలకు ఒక హెచ్చరిక. వాక చెట్టు గన్నేరు కుటుంబానికి చెందినది. గన్నేరుకూ పాలు కారతాయి, గన్నేరు విషం. పాలు కారే ప్రతి మొక్క కాయా నోట్లో పెట్టుకోకండి. పెద్దవాళ్ళు చూపించిన పొద కాయే తినండి, అదీ కడిగి.

చివరిగా, ఇదంతా మేము ఎందుకు ఇంత పట్టుబట్టి చెబుతున్నామో చెప్పి ముగిస్తాము. మా అబ్బాజాన్ సమాధి తూర్పు అంచు వరసలో ఉంది. ఆయన్ను పూడ్చిననాడు సమాధికీ సరిహద్దుకీ మధ్య ఏడు అడుగులుండేది. కిందటి రంజాను ముందు శుభ్రం చెయ్యడానికి వెళ్ళి కొలిస్తే నాలుగు అడుగులుంది. ఎవరూ రాత్రికి రాత్రి వచ్చి లాక్కోలేదు. ఒకరు చెత్త పోశారు. ఒకరు గేదెను కట్టారు. ఇంకొకరు కట్టెలు పేర్చారు. మనం చూశాము, చూసి ఊరుకున్నాము. మేము ఎవరినీ తప్పుపట్టడం లేదు. అంచు అని ఒకటి కనబడకపోతే ఎవరి కాలైనా ముందుకే పడుతుంది. ఆ మూడు అడుగులూ మా ఒక్కరివి కావు. ఆ వరసలో మీ అమ్మలున్నారు, మీ తాతలున్నారు, పేరు రాయని రాళ్ళ కింద పసిపిల్లలున్నారు.

చెట్టు నాటినవాడికి, దాని పండు మనిషి తిన్నా, పిట్ట తిన్నా, పుణ్యం వస్తూనే ఉంటుందని మనం చిన్నప్పటి నుంచి విన్నాము. నాటడం ఒక ఉదయం పని. ఆ పుణ్యం బతికేది మే నెల మధ్యాహ్నం బిందె మోసిన వాడి భుజం మీద. కాబట్టి మేము ఇవాళ చందా అడగడం లేదు. పేర్లు అడుగుతున్నాము. పన్నెండు కుటుంబాలు కావాలి. ఒక్కో కుటుంబానికి యాభై మొక్కలు, మూడు వేసవులు. ఎవరి మొక్కలు వారివని గట్టు మీద గుర్తు పెడదాము. మా ఇంటి పేరు మొదట రాసుకోండి. కాపలా ముసలాయన తన పేరు కూడా రాయమన్నాడు, మేము వద్దన్నాము. ఆయన ఇదివరకే చాలా మోశాడు. ఇంకా పదకొండు పేర్లు కావాలి. సభ అయ్యాక టీ దగ్గర ఒక నోటుపుస్తకం, పెన్సిలు పెడుతున్నాము.

దాని పక్కనే మా ఇంట్లోవాళ్ళు పట్టిన పచ్చడి జాడీ ఒకటి ఉంటుంది. రుచి చూసినంత మాత్రాన పేరు రాయనక్కర్లేదు. కాని రుచి చూడకుండా మాత్రం వెళ్ళవద్దని మనవి.